సదస్సులో విన్నది సదస్సులోనే పోతున్నది



2013 జూలై 30 తర్వాత మన ఫోన్లలో, మెయిళ్లలో ఒకటే ముచ్చట ఉండేది. బిల్లు ఎప్పుడు పెడతారు, హైదరాబాద్ సంగతేంది, భద్రాచలం ఎటు పోతది, ఉద్యోగుల పంపకం ఎట్ల. అక్టోబర్ 3న కేంద్ర కేబినెట్ కూడా సరే అన్నది కాబట్టి ఈ లెక్కలు చూసుకోవాల్సి వచ్చింది, తప్పలేదు. నేను మాత్రం ఈసారి వేరే లెక్క ఒకటి మీ ముందు పెడుతున్నాను. అది నీళ్లు, నిధులు, నియామకాల జాబితాలో లేదు. అందుకే దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

2011లో సకల జనుల సమ్మె ముగిసిన కొన్ని వారాలకు చెల్లె పెండ్లికి ఇంటికి వెళ్లాను. పెండ్లి అయిన నాలుగో రోజు నాన్న దోస్తు ఒకాయన, ‘హనుమకొండల చరిత్ర సదస్సు ఉన్నది, ఇంట్ల కూసోని ఏం జేస్తవ్, రా’ అని తీసుకుపోయాడు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ని. పదో తరగతి తర్వాత చరిత్ర పుస్తకం ముట్టింది లేదు. మొహమాటానికి వెళ్లానని ఒప్పుకోవాలి.

రెండు రోజుల సదస్సు. ఓ అరవై మంది, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యమధ్యలో కీచుమనే మైకు. మాట్లాడిన ఇరవై మందిలో యూనివర్సిటీ వాళ్లు నలుగురైదుగురికి మించి లేరు. మిగతా అందరూ రిటైరైన పంతుళ్లు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు, ఒక ఆర్టీసీ ఉద్యోగి, ఒక ఎల్ఐసీ ఏజెంట్. ఆదివారాలు సైకిల్ మీదనో మోపెడ్ మీదనో ఊర్లు తిరిగి, గుళ్ల వెనక, చెరువు కట్టల మీద రాళ్లు చూసి, కాగితం మీద అక్షరాలు రాసుకొచ్చినవాళ్లు. వీళ్లకు ఎవరూ జీతం ఇవ్వలేదు, ప్రయాణ ఖర్చూ ఇవ్వలేదు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. టైము అయిపోతే గంట కొడతారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక సారు మాట్లాడాడు. జనగామ వైపు పల్లెల్లో ముప్పై ఏండ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆయన తెచ్చింది ఒక పాత క్యాలెండర్ షీటు. దాని వెనక వైపు పెన్సిల్‌తో తమ ఊరి చుట్టూ ఉన్న గొలుసుకట్టు చెరువుల పటం గీసుకొచ్చాడు. ఏ చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు ఏ వాగులో పడి కింద ఏ చెరువును నింపుతాయి, ఏ కట్టకు ఎన్ని తూములు, ఒక్కో తూము కింది పొలాలను ఏ పేరుతో పిలుస్తారు, నీరటి పని చేసిన కుటుంబాలేవి, వాళ్లకు పంట మీద ఏం ముట్టేది. అన్నీ చెప్పాడు. ఒక చెరువు దగ్గర బట్టలు ఉతికే బండను తిరగేస్తే దాని మీద అక్షరాలు కనపడిన సంగతి చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. నేను కూడా నిటారుగా కూర్చున్నాను. నాకు తెలిసిన ‘నెట్‌వర్క్’ అనే మాటకు అసలు అర్థం అప్పుడే తెలిసినట్టు అనిపించింది.

ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. 11 నిమిషాలకు మెమొరీ నిండింది. పెండ్లి వీడియోలు, ఫోటోలు ఉన్నాయి, వాటిని తీసేయడానికి మనసొప్పలేదు. జేబులో పెట్టేసుకున్నాను. ఇంకో రెండు నిమిషాలు ఇవ్వమని సారు అడుగుతుండగానే గంట మోగింది.

బయట చాయ్ తాగుతూ మిగతాది నాకు చెప్పాడు. ‘బిడ్డా, నువ్వు కంప్యూటర్ల పని జేస్తవట గద. ఇవన్ని యాడనన్న దాసిపెట్టే ఉపాయం ఉంటదా?’ అని అడిగాడు. ఎందుకుండదు సారూ, చిటికెలో పని, వచ్చేసారి మంచి కెమెరా తెస్తా, మీ ఊరికే వస్తా, అన్నాను. నా విజిటింగ్ కార్డు కూడా ఇచ్చాను.

తర్వాత ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. న్యూజెర్సీకి వచ్చి పడ్డాను. ప్రాజెక్టు, రిలీజులు, పిల్ల బడి. వచ్చేసారి రాలేదు. మొన్న ఎండాకాలంలో తెలియని నంబర్ నుంచి ఫోన్. సారు కొడుకు. ‘అన్నా, బాపు పోయి మూడు నెలలైంది. ఆయన డైరీల మీ కార్డు దొరికింది. మీరు ఆయన మాట్లాడింది వీడియో తీసిండ్రట గద, అది ఉంటే పంపుతరా?’ ఆ 11 నిమిషాలు పంపాను. ఆ పటం ఉన్నదా తమ్మీ అని అడిగితే, ఇంటికి సున్నాలేసినప్పుడు పాత కాగితాలన్నీ తీసేశారని చెప్పాడు.

సదస్సు వ్యాసాల పుస్తకం ఏడాదిన్నర తర్వాత వచ్చింది. నాన్న దోస్తు ఒక కాపీ పంపించాడు. సారు ప్రసంగం అందులో మూడు పేజీలు ఉంది, అదీ ఎవరో ఇంగ్లీషులోకి కుదించింది. చెరువులున్నాయి, తూములున్నాయి, కాకతీయుల కాలం నాటి నీటి వ్యవస్థ గొప్పదన్న మాట ఉంది. పొలాల పేర్లు ఒక్కటి లేదు. నీరటి అన్న మాట లేదు. మత్తడి కూడా లేదు, దాని స్థానంలో ఒక ఇంగ్లీషు మాట ఉంది. తెలుగులో అచ్చేస్తే మాత్రం మిగిలేదా? మత్తడిని అలుగు అని దిద్దేవాళ్లు. మన భాషను సినిమాల్లో ఎగతాళి చేస్తారని ఏండ్ల తరబడి మొత్తుకుంటున్నాం, న్యాయమే. కానీ మన చరిత్ర సదస్సుల్లో మనవాళ్లే మాట్లాడిన మన మాటలు, మనం వేసుకున్న పుస్తకాల్లోకే రావడం లేదు. దీనికి ఏ వలస పాలకుణ్ని తిడదాం?

నేను చెప్పదలచుకున్నది ఇదే. మన పల్లెల చరిత్రలో చాలా భాగం ఇంకా కాగితం మీద లేదు. డెబ్బై, ఎనభై ఏండ్ల వయసున్న కొందరి నోట్లో ఉంది. వాళ్లు ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఏదో ఒక చిన్న హాల్లో దాన్ని బయటికి చెప్తున్నారు. విని, చప్పట్లు కొట్టి, శాలువా కప్పి, ఇంటికి పోతున్నాం.

ఒక ఉదాహరణ. 2013లో బయ్యారం పేరు తలవని తెలంగాణవాది లేడు. బయ్యారం ఉక్కు మన హక్కని ఇక్కడ ప్లకార్డులు పట్టుకున్నాం, నేనూ పట్టుకున్నాను. అదే బయ్యారంలో ఒక చెరువుంది. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆ చెరువు శాసనంలో కాకతీయుల తొలి తరాల వంశక్రమం ఉంది. కాకతి అనే చోటి నుంచి ఏలిన వెన్న అనే పూర్వీకుడితో మొదలవుతుంది. కాకతీయులు ఎక్కడివాళ్లు, ఆ పేరు ఎక్కడిది అన్న చర్చకు పెద్ద ఆధారాల్లో ఒకటి ఆ రాయి. ఇనుప ఖనిజం గురించి మనకు టన్నుల లెక్కలు తెలుసు. ఆ రాయి సంగతి మనలో ఎంతమందికి తెలుసు? నాకు ఆ సదస్సుకు పోయేదాకా తెలియదు. అదైనా నయం, పండితులు చదివి అచ్చేశారు. సారు చెప్పిన బట్టలు ఉతికే బండ ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు ఉన్నారో లేదో.

ఇంకొకటి కోటిలింగాల. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో గోదావరి ఒడ్డున పాత మట్టికోట ఉన్న ఊరు. అక్కడ వానలకు బయటపడ్డ నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఏరి దాచాడు. వాటిని పురావస్తు శాఖలో ఉన్న పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. గోబద, నారన, సమగోప లాంటి, అంతకుముందు మనం వినని రాజుల పేర్లు బయటపడ్డాయి. శాతవాహనుల మొదటి రాజు చిముకుని నాణేలు కూడా దొరికాయి. మన ప్రాంతానికి ప్రాచీన చరిత్ర లేదన్నవాళ్ల నోళ్లు మూయించడానికి ఈ రోజు మనం ప్రతి వేదిక మీద కోటిలింగాల పేరు చెప్తాం. ఆ వాదనంతా నిలబడింది ఒక చరిత్ర ప్రేమికుడు వంగి ఏరిన చిల్లర మీద. ఆయన నాణేలు దొరికితే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చి ఉంటే, లేక ఏ కంచరి దగ్గరో కరిగించి ఉంటే, మనం ఈ రోజు ఏం చూపించేవాళ్లం? ఎల్లంపల్లి ముంపు గొడవలో ఆ ఊరి పేరు మళ్లీ వినపడింది. ఊరు మునిగితే తవ్వకం కుదరదు, అక్కడ తిరిగినవాళ్ల మాటలే దిక్కవుతాయి.

ఇట్ల పోగుచేసి దాచే పని మనకు కొత్తేమీ కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు పత్రికలో ఒక వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అట్ల చేయలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. ఈ మెయిల్ లేదు, జిరాక్స్ లేదు, సగం ఊర్లకు రోడ్డు లేదు. పోస్టు కార్డుల మీద జరిగిన పని అది. ఇవాళ ఆ 354 మందిలో చాలామంది గురించి మనకు తెలిసింది ఆ పుస్తకం వల్లనే. తిట్టుకు జవాబుగా తిట్టు రాసి ఉంటే ఇన్నేండ్ల తర్వాత మనం దాన్ని తలుచుకునేవాళ్లమా?

శాసనాల విషయంలో లక్ష్మణరాయ పరిశోధక మండలి చేసిందీ అటువంటిదే. ఆదిరాజు వీరభద్రరావు గారు, ఇంకా అటువంటివాళ్లు తిరిగి తిరిగి సేకరించినవి 1935లో తెలంగాణా శాసనములు అన్న పేరుతో మొదటి సంపుటిగా వచ్చాయి. రెండో సంపుటి రావడానికి 1960 దాకా పట్టింది. పాతికేండ్లు! ఆ మండలి ఎవరి పేరు మీద ఉందో కూడా చెప్పాలి. కొమర్రాజు లక్ష్మణరావు గారు పుట్టింది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. మన రాష్ట్రం మనకు కావాలన్న మాటలో నాకు వెంట్రుక వాసి అనుమానం లేదు. అట్లని చేసినవాళ్ల పేరు చెప్పకుండా దాటేస్తే మన చరిత్ర మీద మనకే నమ్మకం లేనట్టు.

ఇప్పుడు నా వృత్తి సంగతికి వస్తాను. ‘ఇంకేందన్నా, అందరూ వీడియో తీస్తున్నరు, యూట్యూబ్‌ల పెడుతున్నరు, ఇంక పోయేదేంది?’ అని మీలో చాలామంది అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ని. పదిహేనేండ్లుగా కంపెనీల డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమే నా పని. ఒక్క మాట నమ్మండి. పైన పెట్టడం వేరు, దాచడం వేరు.

మనలో కొందరు అమెరికా వచ్చిన కొత్తలో జియోసిటీస్‌లో తెలంగాణ మీద పేజీలు పెట్టుకున్నారు, యాది ఉందా? 2009 అక్టోబర్‌లో యాహూ దాన్ని మూసేసింది. గూగుల్ వీడియోలో పెట్టినవాళ్లు ఉన్నారు. 2012లో అదీ పోయింది. యూట్యూబ్ ఉంటది కదా అంటే, ఉండొచ్చు. కానీ అకౌంట్ పెట్టిన తమ్ముడు పాస్‌వర్డ్ మరిచిపోతే? సభ మొదట్లో లౌడ్ స్పీకర్లో సినిమా పాట మోగి, కాపీరైట్ అని వీడియో తీసేస్తే? ఆ వీడియో పేరు ‘ఎంవోవీ 0047’ అని ఉంటే దాన్ని ఎవరు వెతుకుతారు, ఏమని వెతుకుతారు? దొరకనిదానికి, లేనిదానికి తేడా ఏముంది?

కాగితం మీదికి ఎక్కినదాని కథ కూడా అంతే ఉంది. మన సదస్సుల పుస్తకాలు డీటీపీ వాళ్ల దగ్గర పేజ్‌మేకర్‌లో, పాత ఫాంట్లలో టైప్ అవుతాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త కనపడుతుంది. ఒకప్పుడు చాలా తెలుగు పత్రికలకు వెబ్‌సైట్‌లో తమ సొంత ఫాంట్ ఉండేది. అప్పుడు మనం దాచుకున్న పేజీలు ఇప్పుడు తెరిచి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. యూనికోడ్‌లో లేని తెలుగు, కంప్యూటర్ లెక్కన తెలుగే కాదు. వెతికితే దొరకదు.

మరి ఖర్చు ఎంత? అందరూ భయపడేది దీనికే కాబట్టి లెక్క చెప్తాను. హనుమకొండ సదస్సులో ఇరవై ప్రసంగాలు. ప్రశ్నలు జవాబులు కలిపి ఒక్కోటి అరగంట అనుకుంటే మొత్తం 10 గంటలు. మాటలు వినడానికి సరిపోయే 64 కెబీపీఎస్ ఎంపీ3లో గంటకు 29 ఎంబీ. అంటే రెండు రోజుల సదస్సు మొత్తం 290 ఎంబీ. 700 ఎంబీ సీడీ ఒక్కటి సగం కూడా నిండదు. వీడియో లేకపోయినా కొంప మునగదు. పటాలు, బొమ్మలు ఉన్నచోట ఫోటో తీస్తే చాలు. నేను చేసిన తప్పు అదే. హెచ్‌డీ వీడియోకు ఎగబడి 11 నిమిషాలకు ఆగిపోయాను. వట్టి ఆడియో పెట్టి ఉంటే సారు మాట పూర్తిగా ఉండేది. ఆ క్యాలెండర్ షీటును ఒక్క ఫోటో తీసి ఉంటే పటమూ ఉండేది.

అసలు ఖర్చు డబ్బు కాదు, ఓపిక. అరగంట ప్రసంగాన్ని వింటూ టైప్ చేయడానికి నాకు నాలుగైదు గంటలు పడుతున్నది. ఇరవై ప్రసంగాలకు వంద గంటలు. ఒక్కడికి వంద గంటలు కష్టమే. పాతిక మందికి తలా నాలుగు గంటలు, ఒక శనివారం. మొన్న బతుకమ్మకు మన ఊర్లో హాలు అలంకరించడానికే అంతకంటే ఎక్కువ గంటలు పెట్టాం. బతుకమ్మ వద్దని కాదు, నా బిడ్డ అక్కడే నేర్చుకున్నది ఆ పాటలు. ఆ పాటలు పాడిన ఆడవాళ్ల పేరు, ఊరు రాసిపెట్టుకున్నామా అని మాత్రం అడుగుతున్నాను.

టైప్ చేయడంతో పని ఐపోదు. ప్రతి ఫైలు మొదట్లో ఎవరు మాట్లాడారు, వాళ్ల ఊరు, మండలం, మాట్లాడిన తేదీ, చోటు, ఏ శాసనం లేదా ఏ చెరువు గురించి, ఎవరు రికార్డు చేశారు, ఎవరు టైప్ చేశారు, ఇవి ఉండాలి. ఇది లేని రికార్డింగ్ చిరునామా లేని ఉత్తరం. కాపీలు కూడా ఒక్క చోట ఉంచితే లాభం లేదు. ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టొచ్చు, పైసా తీసుకోరు. ఒకటి ఇక్కడ మనలో ఇద్దరి ఇండ్లల్లో హార్డ్ డిస్కుల మీద. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది, మాట్లాడిన మనిషి ఊరిలో. బడిలోనో గ్రంథాలయంలోనో, అచ్చు తీసిన కాగితాల కట్టగా. కరెంటు లేకపోయినా చదవగలిగేది అదొక్కటే. కాగితం తక్కువది అనుకోకండి. మనం ఇప్పటిదాకా చెప్పుకున్న ప్రతిదీ రాయి మీదనో, రాగి మీదనో, కాగితం మీదనో మిగిలిందే.

ఇక ఒక ఇబ్బందికరమైన సంగతి. రికార్డు చేస్తానంటే ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. వాళ్లది చాదస్తం అనుకోకండి. ఆ సదస్సులోనే ఒకాయన నాతో అన్నాడు, తాను ఇరవై ఏండ్లు తిరిగి పట్టుకున్న శాసనాన్ని ఒక పెద్దమనిషి తన పరిశోధనగా అచ్చేసుకున్నాడని, కింద చిన్న అక్షరాల్లో కూడా తన పేరు లేదని. అప్పటి నుంచి ఆయన సగమే చెప్తాడట, ఊరి పేరు చెప్పడట. ఆ భయం పోవాలంటే మనం చేయగలిగింది ఒక్కటే. ముందు అడగాలి. ఇష్టమైతేనే పెట్టాలి, వద్దన్న భాగం తీసేయాలి, తేదీతో సహా వాళ్ల పేరు మీదనే పెట్టాలి. నిజానికి తేదీ వేసిన రికార్డింగే వాళ్లకు రక్షణ. ఫలానా రోజు ఫలానా సభలో ఈ మాట మొదట చెప్పింది ఈ మనిషి అని రేపు ఎవరైనా చూపించొచ్చు. ఇది వివరంగా చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, ‘అట్లయితే మంచిదే’ అన్నాడు. నేను వెంటనే రికార్డు చేయలేదు. ఎందుకు చేయలేదో పైన చెప్పాను.

ఇంకొకటి. మనకు నచ్చింది మాత్రమే దాచే రోగం మనకు ఉంది. సెప్టెంబర్ 17నే తీసుకోండి. విమోచన అనేవాళ్లు ఉన్నారు, విలీనం అనేవాళ్లు ఉన్నారు, విద్రోహం అనేవాళ్లు ఉన్నారు. ఆ సదస్సులో ఈ ముగ్గురూ ఒకే వేదిక మీద మాట్లాడారు. గొంతులు పెరిగాయి, ఒకాయన లేచి బయటికి పోయాడు. తర్వాత నెట్‌లో కనపడిన ముక్కలు చూస్తే ఎవరికి వాళ్లు తమవాడి మాట మాత్రమే కత్తిరించి పెట్టుకున్నారు. రజాకార్ల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న మనిషి మాటా ఉండాలి, పోలీసు చర్య తర్వాత సైన్యం వచ్చినప్పుడు తన ఇంట్లో ఏం జరిగిందో చెప్పిన ముస్లిం పెద్దాయన మాటా ఉండాలి. 1946 నుంచి 51 దాకా సాగిన సాయుధ పోరాటంలో దళంలో తిరిగినవాళ్ల మాటా ఉండాలి, దొర గడిలో పనిచేసినవాళ్ల మాటా ఉండాలి. వాదన మనం తర్వాత చేసుకోవచ్చు, దానికి ముందు తరాలు ఉన్నాయి. విని దాచే అవకాశం మాత్రం వాళ్లు బతికి ఉన్నన్ని రోజులే. 1946లో ఇరవై ఏండ్ల వయసున్నవాళ్లకు 2013 నాటికే ఎనభై ఏడు.

మన ప్రతి సభలో 1969లో 369 మంది అమరులయ్యారని చెప్పుకుంటాం. నేనూ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మా ఆఫీసులో పనిచేసే ఒక విజయవాడ మిత్రుడు ఒకరోజు, ఎగతాళికి కాదు, మామూలుగానే అడిగాడు. వాళ్ల పేర్లు ఎక్కడన్నా ఉన్నాయా, చదవాలని ఉంది అని. నేను నీళ్లు నమిలాను. గన్‌పార్కు స్థూపం చూపించగలను, సంఖ్య చెప్పగలను. ఒక్కొక్కరి పేరు, ఊరు, చనిపోయిన తేదీ, చోటు ఉన్న జాబితా నా చేతిలో లేదు. 1952 సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర ముల్కీ ఉద్యమకారుల మీద జరిగిన కాల్పుల విషయంలోనూ అంతే. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు, పక్క వీధిలో ఉన్నవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, క్లాస్‌మేట్లు ఇప్పటికీ ఏదో ఒక సదస్సులో లేచి రెండు మాటలు చెప్తుంటారు. హనుమకొండలో ఒక పెద్దాయన, ప్రశ్నల టైములో, తన క్లాస్‌మేట్ పేరు, వాళ్ల ఇంటి గుర్తులు చెప్పాడు. మైకు ఆయన దాకా పోలేదు. ఎవరూ రాసుకోలేదు. సదస్సు పుస్తకంలో ప్రశ్నలు వేయరు కదా.

2014లో రాష్ట్రం వచ్చింది. పాఠ్యపుస్తకాలు మార్చాలన్నాం, మార్చాల్సిందే. ఆ పుస్తకాలు రాసే కమిటీ వాళ్లు ముందర ఏం పెట్టుకొని రాస్తారు? పాత పుస్తకాలే. వాటిలో మన గురించి ఉన్నది ఎంతో మనకు తెలుసు. లేకపోతే ఉద్యమ ఉపన్యాసాలు. మన నాయకుల ప్రసంగాల వీడియోలు వేలకొద్దీ ఉన్నాయి, ఒక్కటీ పోదు. పదో తరగతి పిల్లవాడికి తన జిల్లాలో చెరువులు ఎట్ల కట్టారో చెప్పడానికి అవి పనికిరావు. తార్నాక ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నుంచి ఉన్న పర్షియన్, ఉర్దూ కాగితాలు చదవగలిగేవాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లు కూడా అప్పుడప్పుడు ఇటువంటి సదస్సుల్లోనే మాట్లాడుతారు, పావుగంట.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. డిసెంబర్ సెలవులకు, సంక్రాంతికి ఇంటికి పోయేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. బ్యాగులో చాక్లెట్లు, సెంటు సీసాల పక్కన ఒక చిన్న వాయిస్ రికార్డర్ పెట్టుకోండి. కొనలేకపోతే ఫోన్ చాలు, ముందురోజు రాత్రి ఖాళీ చేసుకొని పోండి. మీ జిల్లాలో ఆ రోజుల్లో సదస్సు ఉంటే పోయి మొదటి వరుసలో కూర్చోండి, ఫోన్‌ను మాట్లాడేవాళ్ల బల్ల మీద పెట్టండి. సదస్సు లేకపోతే మీకు చదువు చెప్పిన తెలుగు సారు దగ్గరికో సోషల్ సారు దగ్గరికో పోయి ఒక గంట కూర్చోండి. గంట కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఇంకా మంచిది. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటలు కూడా పట్టండి. తిరిగొచ్చాక టైప్ చేసే పని పంచుకుందాం. మన దగ్గర టైపింగ్ రానివాళ్లు ఉంటే విని సరిచూసే పని చేయొచ్చు, అది ఇంకా కష్టమైన పని.

నా వంతుగా సారు 11 నిమిషాలు టైప్ చేయడం పూర్తిచేశాను. పన్నెండు వందల చిల్లర మాటలు వచ్చాయి. కొడుకుకు పంపించాను, అచ్చు తీసి ఊరి బడిలో ఇస్తానన్నాడు. అందులో మూడు చోట్ల మాట నాకు అందలేదు. రెండు చోట్ల మైకు కీచుమన్నది, ఒక చోట ఎవరో కుర్చీ లాగారు. ఒకటి పొలం పేరు, ‘కుంట’ అని ముగుస్తుంది. ఇంకొకటి నీరటివాళ్లకు కల్లం దగ్గర ఇచ్చే వాటాకు ఆయన వాడిన మాట. మూడోది మత్తడి నీళ్లు కలిసే వాగు పేరు. జనగామ, ఆలేరు, చేర్యాల వైపు వాళ్లు ఎవరైనా ఉంటే ఒక్కసారి విని చెప్పండి. మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్‌లో వినిపించండి. నాలుగో నిమిషం దగ్గర ఒకటి, ఏడో నిమిషం దగ్గర రెండు ఉన్నాయి.

జై తెలంగాణ.